కొన దగ్గర వంగే సర్జికల్ పరికరం: మొదటి గీత నుంచి ఆటోక్లేవ్ దాకా

లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) పరికరం కొనకు ఒక కీలు పెట్టి, తీగతో లాగి వంచడం పెద్ద కష్టమేమీ కాదు. తిరుపతి చుట్టుపక్కల కాలేజీల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో అలాంటి నమూనాలు తరచూ చూస్తుంటాను. చక్కగా వంగుతాయి. వంగిన కొనకు చిన్న బరువు తగిలిస్తే మాత్రం వాలిపోతాయి. వంగిన చోటే నిలబడి, కణజాలాన్ని లాగినా సూదిని తోసినా కదలని పరికరం సర్జన్‌కు కావాలి. డిజైన్‌లో అసలు పని అక్కడే ఉంది. ఈ వ్యాసంలో ఎక్కువ చోటు కూడా దానికే ఇస్తున్నాను.

మెకానికల్, బయోమెడికల్ విద్యార్థులనూ, రేణిగుంట, గాజులమండ్యం వైపు చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్లనూ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. స్టాటిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ గుర్తుంటే చాలు.

1. ముందు ఆపరేషన్ చూడండి

క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్) తెరవకముందే ఒక లాప్రోస్కోపీ ఆపరేషన్ చూడాలి. తిరుపతిలో స్విమ్స్, రుయా ఆస్పత్రులు ఉన్నాయి. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. కాలేజీ నుంచి లెటర్ తీసుకుని, విభాగాధిపతి అనుమతితో వెళ్లండి. ఫోన్ బయటే వదిలేయండి. రోగి వివరాలు నోట్‌బుక్‌లో ఒక్క ముక్క కూడా రాయకండి.

అక్కడ మొదట గమనించాల్సింది ట్రోకార్. పొట్ట గోడలో గుచ్చిన ఆ చిన్న గొట్టం గుండానే పరికరం లోపలికి వెళ్తుంది. దాంతో పరికరానికి మిగిలేవి నాలుగు కదలికలే: పైకీ కిందికీ వాలడం, పక్కలకు వాలడం, తన చుట్టూ తాను తిరగడం, లోపలికీ బయటికీ జరగడం. వీటికి తోడు దవడ తెరుచుకోవడం, మూసుకోవడం. చెయ్యి ఎడమకు పోతే కొన కుడికి పోతుంది. మన చేతి మణికట్టు చేసే పని చేయడానికి లోపల ఏమీ ఉండదు. కొన దగ్గర రెండు కీళ్లు పెడితే ఆ లోటు తీరుతుంది. ఆపరేషన్లకు వాడే డావిన్చి రోబో పరికరాలకు ఏడు కదలికలని చెప్పేది ఈ లెక్కతోనే: నాలుగు, మణికట్టువి రెండు, దవడది ఒకటి.

"సార్, కొన వంగితే బాగుంటుందా?" అని అడిగితే ఏ డాక్టర్ గారైనా బాగుంటుందనే అంటారు. దానివల్ల మీకు తెలిసేదేమీ లేదు. "ఏ కుట్టు దగ్గర మీ భుజం ఎక్కువ పైకి లేస్తుంది? సూదిని ఎక్కడ ఎక్కువసార్లు తిప్పి పట్టుకోవాల్సి వస్తుంది?" అని అడగండి. ఈ జవాబులతోనే వంగాల్సిన కోణం, పట్టు బలం, వంగే భాగం పొడవు తేలతాయి. కటి లోతులో కుట్టేటప్పుడు అవసరమయ్యే మణికట్టు వేరు, పిత్తాశయం దగ్గర కణజాలం విడదీసేటప్పుడు పనికొచ్చేది వేరు.

2. అంకెలు రాసుకోండి

ఒక పేజీ చాలు. షాఫ్ట్ (పరికరం పొడవాటి గొట్టం) వ్యాసం, పొడవు, వంగే కోణం, కొన మీద పడే బలం, దవడ పట్టు, ఎన్నిసార్లు వాడాలి. మామూలు లాప్రోస్కోపీ పరికరాలు ఎక్కువగా 5 మి.మీ. వ్యాసంలో, సుమారు 330 మి.మీ. పొడవులో ఉంటాయి. మన ఉదాహరణకు 5 మి.మీ. వ్యాసం, 350 మి.మీ. పొడవు, ప్రతి వైపూ 60 డిగ్రీలు, దవడ కొన మీద అడ్డంగా 5 న్యూటన్లు అనుకుందాం. అర కిలో బరువు తగిలించినట్టే లెక్క.

షాఫ్ట్ వంగుడు ఇప్పుడే చూసేయండి. 5 మి.మీ. స్టెయిన్‌లెస్ గొట్టం, గోడ మందం 0.4 మి.మీ., ట్రోకార్ నుంచి 200 మి.మీ. లోపలికి ఉందనుకుందాం. ట్రోకార్ దగ్గర గట్టిగా పట్టుకున్నట్టు భావిస్తే 5 న్యూటన్లకు కొన సుమారు 4.5 మి.మీ. జరుగుతుంది. అదే గొట్టం 8 మి.మీ. వ్యాసం, 0.5 మి.మీ. గోడతో ఉంటే జరిగేది 0.8 మి.మీ. మాత్రమే. మణికట్టును ఎంత బిగువుగా చేసినా గొట్టం ఇచ్చే ఈ జరుగుడును అది ఆపలేదు. 3 మి.మీ. పరికరం చేస్తామని ఉత్సాహపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

3. మణికట్టు రకం ఎంచుకోండి

ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది పిన్ను, పుల్లీ మణికట్టు. ఒకదానికొకటి అడ్డంగా రెండు పిన్నులు, వాటి మీద చిన్న పుల్లీలు, చుట్టూ కేబుళ్లు. వంగేది ఒక చోటే కాబట్టి తక్కువ స్థలంలో తిరుగుతుంది. రెండోది పూసల మణికట్టు. చిన్న చిన్న పూసలు ఒకదాని మీద ఒకటి పేర్చి, లేదా గొట్టానికే లేజర్‌తో గాట్లు పెట్టి, అంచుల వెంట తీగలు లాగుతారు. సన్నని వ్యాసంలో ఇది కుదురుతుంది, మధ్యలో ఖాళీ దారి కూడా మిగులుతుంది. కానీ విల్లులా వంగుతుంది కనుక తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. పక్కనుంచి తోస్తే తేలిగ్గా లొంగుతుంది. డావిన్చిలోనే 8 మి.మీ. పరికరాలు పుల్లీ తరహావి, పాత 5 మి.మీ. పరికరాలు పూసల తరహావి.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా పుల్లీ మణికట్టే. ఎక్కడ ఎంత బలం పడుతుందో కాగితం మీద తేలిగ్గా తేలుతుంది. తప్పు ఎక్కడుందో వెతకడమూ సులువే.

4. కేబుల్ లెక్క

ఈ భాగాన్ని తొందరపడకుండా, పక్కన కాలిక్యులేటర్ పెట్టుకుని చదవండి.

5 మి.మీ. గొట్టంలో పట్టే పుల్లీ వ్యాసం 3 మి.మీ. అనుకుందాం, అంటే వ్యాసార్ధం 1.5 మి.మీ. దవడ పొడవు 10 మి.మీ. కొన మీద 5 న్యూటన్లు పడితే కీలు దగ్గర టార్క్ 50 న్యూటన్-మిల్లీమీటర్లు. దాన్ని 1.5తో భాగిస్తే కేబుల్‌లో 33 న్యూటన్లు. కొన మీద పడిన బలానికి దాదాపు ఏడు రెట్లు తీగ మీద పడుతోందన్నమాట.

ఇప్పుడు సాగుడు చూద్దాం. 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ కేబుల్‌లో పోగుల మధ్య ఖాళీలు తీసేస్తే లోహపు వైశాల్యం 0.07 చదరపు మి.మీ. దగ్గర ఉంటుంది. పోగులు మెలితిరిగి ఉంటాయి కాబట్టి కేబుల్ గట్టితనం కడ్డీ కంటే తక్కువ, 100 గిగాపాస్కల్స్ అనుకుందాం. హ్యాండిల్ నుంచి కొన దాకా 350 మి.మీ. మొత్తం ఈ కేబులే వాడితే 33 న్యూటన్లకు సాగేది సుమారు 1.67 మి.మీ. అంకె చిన్నగానే ఉంది. కానీ 1.5 మి.మీ. వ్యాసార్ధమున్న పుల్లీ మీద అది 64 డిగ్రీలు! వంగాల్సిన కోణమే 60. హ్యాండిల్ కదలకుండా పట్టుకున్నా కొన మొత్తం వాలిపోతుంది. ప్రదర్శనల్లో నమూనాలు బరువు తగిలించగానే జారిపోవడానికి కారణం ఇదే. కీలులో తప్పేమీ ఉండదు.

దీనికి మందు తేలికే. కేబుల్ పుల్లీల మీద వంగే చోట మాత్రమే ఉండాలి. నిటారుగా పోయే భాగంలో కడ్డీ గానీ సన్న గొట్టం గానీ వాడి, రెండు చివర్లా కేబుల్‌ను దానికి క్రింప్ చేయాలి, అంటే లోహపు తొడుగుతో నొక్కి బిగించాలి. 300 మి.మీ. పొడవున 1 మి.మీ. స్టెయిన్‌లెస్ కడ్డీ పెడితే ఆ భాగం సాగేది 0.065 మి.మీ. మిగిలిన 50 మి.మీ. కేబుల్ 0.24 మి.మీ. సాగుతుంది. కలిపితే 0.3 మి.మీ., అంటే దాదాపు 12 డిగ్రీలు. 64 నుంచి 12కు వచ్చాం.

ఇంకా తగ్గించాలంటే ప్రీలోడ్. ప్రతి కీలుకూ రెండు వైపులా కేబుళ్లుంటాయి. రెంటినీ ముందే బిగించి ఉంచితే, బరువు పడ్డప్పుడు ఒక వైపు టెన్షన్ పెరుగుతుంది, రెండో వైపు అంతే తగ్గుతుంది. బలాన్ని రెండూ పంచుకుంటాయి కనుక వాలే కోణం సగానికి, ఆరు డిగ్రీల దగ్గరికి వస్తుంది. 10 మి.మీ. దవడ చివర అది 1 మి.మీ. జరుగుడు. సర్జన్ కళ్లతో చూస్తూ సరిచేసుకోగలిగినంతే. రెండో వైపు వదులైపోకుండా ఉండాలంటే ప్రీలోడ్ గరిష్ఠ బలంలో సగమైనా ఉండాలి, మన లెక్కలో 17 న్యూటన్లు. అవసరానికి మించి బిగిస్తే పిన్నుల దగ్గర ఘర్షణ పెరిగి హ్యాండిల్ బరువెక్కుతుంది.

ఘర్షణ మాటకొస్తే, గుంజకు పలుపు రెండు చుట్లు వేస్తే ఎద్దు లాగినా జారదు. పరికరంలో కేబుల్ తిరగని మూలల మీదుగా వంగితే జరిగేదీ అదే. ఘర్షణ గుణకం 0.15 ఉండి, కేబుల్ మొత్తం మీద 180 డిగ్రీలు చుట్టుకుంటే, కొన దగ్గర 33 న్యూటన్లు రావడానికి హ్యాండిల్ దగ్గర 53 న్యూటన్లు లాగాలి. రేడియన్లలో చుట్టుకునే కోణాన్నీ ఘర్షణ గుణకాన్నీ గుణించి, ఆ వచ్చినదాన్ని 2.718కి ఘాతంగా వేస్తే ఈ 1.6 రెట్లు వస్తుంది. పెరుగుదల ఘాతంలో ఉంది కాబట్టి ఒక్క అనవసర మలుపు తీసేసినా లాభం కనిపిస్తుంది. తిరిగే పుల్లీలు పెట్టలేని చోట అంచులను గుండ్రంగా చేసి బాగా పాలిష్ చేయండి.

ఇక దవడ పట్టు. సూది తిరిగిపోకుండా పట్టుకోవడానికి కీలు నుంచి 8 మి.మీ. దూరంలో 20 న్యూటన్లు కావాలనుకుందాం. టార్క్ 160, కేబుల్‌లో 107 న్యూటన్లు. 0.4 మి.మీ. కేబుల్‌కు ఇది తెగే అంచు. 8 మి.మీ. షాఫ్ట్‌లో 2.5 మి.మీ. వ్యాసార్ధం పుల్లీ పడుతుంది, బలం 64కు దిగుతుంది, కేబుల్ కూడా లావుది వేసుకోవచ్చు. అందుకే గట్టిగా చెబుతున్నాను: 5 మి.మీ.లో చేయాలనుకుంటే కణజాలం పట్టుకునే గ్రాస్పర్ లేదా డిసెక్టర్ చేయండి. సూది పట్టుకునే నీడిల్ డ్రైవర్ కావాలంటే 8 మి.మీ.కు వెళ్లండి.

5. కేబుళ్ల దారి, హ్యాండిల్

దవడ కేబుళ్లు మణికట్టు పిన్ను దాటి వెళ్లాలి. మణికట్టు వంగితే వాటి దారి పొడవు మారుతుంది, దవడ దానంతటదే తెరుచుకోవడమో బిగుసుకోవడమో జరుగుతుంది. ఎంత మారుతుందంటే, పుల్లీ వ్యాసార్ధాన్ని రేడియన్లలో కోణంతో గుణించినంత. మన పుల్లీకి 60 డిగ్రీల దగ్గర 1.57 మి.మీ. అంటే పెద్ద తేడాయే.

రోబోలో మోటార్లు ఈ తేడాను సరిచేస్తాయి. చేత్తో వాడే పరికరంలో నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. కొన దగ్గరున్న మణికట్టునే హ్యాండిల్ దగ్గర కూడా కట్టండి, అన్ని పుల్లీలనూ ఒకే నిష్పత్తిలో పెంచి. కొన దగ్గర దవడ కేబుల్ పోగొట్టుకున్న పొడవును హ్యాండిల్ దగ్గర అదే కేబుల్ తిరిగి పొందుతుంది. ఒక్క పుల్లీ అయినా వేరే నిష్పత్తిలో పెడితే ఈ లెక్క చెడుతుంది.

దిశ కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. చెయ్యి పైకి వంచితే కొన పైకే వంగాలి. ట్రోకార్ వల్ల షాఫ్ట్ ఎలాగూ తిరగబడి కదులుతుంది, మణికట్టు కూడా తిరగబడితే సర్జన్ బుర్ర వేడెక్కుతుంది. ఫ్లెక్స్‌డెక్స్ అనే పరికరంలో ముంజేతికి ఒక ఫ్రేమ్ కట్టి, హ్యాండిల్ తిరిగే కేంద్రం సరిగ్గా సర్జన్ మణికట్టు దగ్గర పడేలా చేశారు. చూసి నేర్చుకోదగ్గ పని. వంగిన కోణంలో ఆపే లాక్‌ను బొటనవేలికి అందేచోట పెట్టండి. చిన్న చేతులున్న సర్జన్లకూ అందాలి, కొలత తీసుకునేటప్పుడు మహిళా డాక్టర్ల చేతులు కూడా కొలవండి.

6. అయిదు రెట్లు పెద్ద నమూనా

25 మి.మీ. పీవీసీ కరెంటు పైపు షాఫ్ట్‌కు సరిపోతుంది. పుల్లీలు 15 మి.మీ. వ్యాసంలో త్రీడీ ప్రింట్ చేయండి, కేబుల్ బదులు 2 మి.మీ. అల్లిన నైలాన్ తాడు. స్కూటర్ క్లచ్ వైరు వద్దు, అంత చిన్న పుల్లీ మీద అది వంగదు. తాళ్లు ఒకదానికొకటి రాసుకుంటున్నాయా, మణికట్టు వంచితే దవడ కదులుతోందా అన్నవి ఇందులో తేలతాయి. బిగువు, ఘర్షణ మాత్రం ఇందులో కొలవకండి. ప్లాస్టిక్‌లో వచ్చిన అంకెలు స్టీలుకు పనికిరావు.

7. మెటీరియల్, తయారీ

దవడలకు, వాటి పిన్నును పట్టుకునే చీలిక ముక్కకు (క్లెవిస్) 17-4 పీహెచ్ స్టెయిన్‌లెస్ మంచిది, హీట్ ట్రీట్‌మెంట్‌లో పెద్దగా వంకర పోదు. పదునుండాల్సిన అంచులకు 420 గ్రేడ్. షాఫ్ట్ గొట్టానికి 304 చాలు. పిన్ను, రంధ్రం రెండూ ఒకే మెత్తని స్టెయిన్‌లెస్‌తో చేస్తే రాసుకుని పట్టేస్తాయి, కాబట్టి ఒకటి గట్టిదిగా ఉండాలి. 1 మి.మీ. పిన్నుకు రంధ్రంలో 0.01 నుంచి 0.02 మి.మీ. ఖాళీ చాలు. దానికి మించితే ఆ వదులంతా దవడ కొనలో పెద్దదై కనబడుతుంది.

ఈ కొలతలు మామూలు లేత్ మీద రావు. వైర్‌కట్, మైక్రో మిల్లింగ్ కావాలి. తిరుపతి వాళ్లకు దగ్గర దారి చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్. డ్రాయింగ్ మెయిల్ చేసి ఊరుకోకుండా, పెద్ద నమూనా సంచిలో పెట్టుకుని వెళ్లి మెషీన్ ఆపరేటర్‌కు చూపించండి. ఏ ముఖం దేనికి ఆనుతుందో ఆయనకు కంటికి కనబడితే, ఏ కొలత ముఖ్యమో మీరు చెప్పక్కర్లేదు.

కేబుల్‌కు మంచి ఎంపిక టంగ్‌స్టన్. స్టీలుకు రెట్టింపు గట్టిది, చాలా సన్నని పోగులుగా దొరుకుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. మొదటి నమూనాకు 7×19 అల్లిక (19 పోగుల పాయలు ఏడు) స్టెయిన్‌లెస్ కేబుల్ వాడుకోవచ్చు. పోగు ఎంత సన్నగా ఉంటే చిన్న పుల్లీ మీద అంత ఎక్కువ కాలం మన్నుతుంది. కేబుల్ చివర క్రింప్ చేసిన ప్రతి ముక్కనూ అమర్చకముందే స్ప్రింగ్ త్రాసుతో లాగి చూడండి, పనిలో పడే బలానికి రెట్టింపు దాకా. ఇక్కడ శాంపిల్ పరీక్ష సరిపోదు, ప్రతిదీ లాగాల్సిందే. పొట్టలో ఉండగా క్రింప్ జారితే దవడ మూసుకున్న చోటే ఇరుక్కోవచ్చు.

గొట్టం వెనక భాగంలో ఒక సిలికాన్ సీలు మరవకండి. అది లేకపోతే పొట్టను ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ కేబుళ్ల పక్కనుంచి బయటికి కారిపోతుంది.

మొదటి వెర్షన్‌లో కాటరీ (కరెంటుతో కణజాలాన్ని కాల్చడం) జోలికి పోకండి. కరెంటు కలిస్తే ఇన్సులేషన్, లీకేజీ, వేరే ప్రమాణాలు, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి.

8. పరీక్షలు

మొదటిది బరువు పరీక్ష. షాఫ్ట్‌ను బెంచ్ వైస్‌లో రబ్బరు ముక్కల మధ్య బిగించండి. మణికట్టును 45 డిగ్రీలు వంచి లాక్ చేయండి. వంగిన దవడ నేలకు సమాంతరంగా ఉండేలా చూసి, దాని కొనకు దారం కట్టి అర కిలో తూకం రాయి వేలాడదీయండి. వెనక కోణమాని అతికించి ముందూ తర్వాతా ఫొటో తీయండి. లెక్క ఆరు డిగ్రీలంటే కొలతలో తొమ్మిదో పదో వస్తాయి. ఆ తేడా పిన్నుల వదులు, క్రింపుల సర్దుబాటు నుంచి వస్తుంది. పాతిక వస్తే ఎక్కడో ఒక క్రింప్ జారుతోంది, వెతకండి.

తర్వాత ఆయుష్షు. చిన్న మోటారుతో హ్యాండిల్‌ను అటూ ఇటూ ఆడించే అమరిక చేసి, కొనకు బరువు తగిలించి వదిలేయండి. మధ్యమధ్య ఆపి, మణికట్టు దగ్గర కేబుల్ మీద చిన్న దూది ముక్కను మెల్లగా లాగండి. తెగిన పోగు ఒక్కటున్నా దూది పీచు దానికి చిక్కుకుంటుంది. భూతద్దంలో చూస్తే పోగులు ఎక్కువగా పుల్లీ మీద వంగే చోటే తెగి ఉంటాయి. 3 మి.మీ. పుల్లీ మీద 0.4 మి.మీ. కేబుల్ అంటే నిష్పత్తి 7.5. లిఫ్టులూ క్రేన్లూ ఉపయోగించే నిష్పత్తితో పోలిస్తే ఇది బాగా తక్కువ. కాబట్టి కేబుల్ తెగడం ఖాయం, ఎప్పుడన్నదే మీరు కొలవాలి. మొదటి పోగు తెగిన లెక్కకు చాలా ముందే పరికరాన్ని పక్కన పెట్టేలా వాడకాల పరిమితి రాయండి. డావిన్చి పరికరాల్లో ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టి, పరిమితి దాటాక పనిచేయనివ్వని ఏర్పాటు ఉన్నది ఇందుకే.

చివరికి చేతి పరీక్ష. ప్లాస్టిక్ డబ్బా మూతకు సైకిల్ ట్యూబు రబ్బరుతో రెండు రంధ్రాలు, లోపల ఫోన్ కెమెరా, ఒక కోడి తొడ ముక్క. సర్జన్ చేతికి పరికరం ఇచ్చి, మీరు మాట్లాడకుండా చూడండి. ఎలా వాడాలో చెప్పాలనిపిస్తుంది, ఆగండి. ఆయన వేళ్లు లాక్ కోసం ఎక్కడ తడుముకుంటాయో అక్కడ లాక్ ఉండాలి.

9. శుభ్రం చేయగలిగేలా

తిరిగి వాడే పరికరమైతే, శుభ్రం కానిది ఎంత బాగా వంగినా ఆపరేషన్ థియేటర్‌లో పనికిరాదు. కేబుళ్ల మధ్య, పుల్లీల వెనక రక్తం ఎండిపోతుంది. హ్యాండిల్ దగ్గర సిరంజి తగిలించే ఫ్లష్ పోర్టు పెట్టి, నీళ్లు షాఫ్ట్ గుండా కొన దాకా పారేలా చేయండి. మూసుకుపోయిన గదులు లోపల ఎక్కడా ఉండకూడదు.

గుడ్డు పచ్చసొన మణికట్టులోకి బాగా పట్టించి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఆస్పత్రిలో ఎలా కడుగుతారో అలాగే కడిగించండి, వీలైతే అక్కడి స్టెరిలైజేషన్ విభాగం సిబ్బంది చేతనే. తర్వాత పిన్నులు పీకి విప్పి చూడండి. పుల్లీ పక్కన పసుపు చార కనబడితే కడిగేవాళ్లను అనకండి, డిజైన్ మార్చండి. ఇక ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ 134 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ప్లాస్టిక్ భాగాలుంటే పీక్ (PEEK) లాంటి వేడికి తట్టుకునే ప్లాస్టిక్ వాడాలి, త్రీడీ ప్రింటర్ పీఎల్‌ఏ మెత్తబడి ముద్దవుతుంది. గ్రీజు పెట్టకండి, దాని కిందికి ఆవిరి చేరదు. సర్జికల్ పరికరాలకని అమ్మే నీటిలో కరిగే లూబ్రికెంటే వాడాలి.

10. కాగితాలు

మన దేశంలో వైద్య పరికరాలకు 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ వర్తిస్తాయి. ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డీ దాకా తరగతులు. ఏ, బీ తరగతులకు తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారులిస్తారు, సీ, డీ తరగతులకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తుంది. పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారు చేయడానికి కూడా ముందు ఎండీ-13 అనుమతి తీసుకోవాలి, దానికి దరఖాస్తు ఎండీ-12. నాణ్యతా వ్యవస్థకు ఐఎస్ఓ 13485, ప్రమాదాల అంచనాకు ఐఎస్ఓ 14971, శరీరంతో మెటీరియల్ పొత్తుకు ఐఎస్ఓ 10993, కడగడం, స్టెరిలైజేషన్ సూచనలకు ఐఎస్ఓ 17664. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మనిషి మీద వాడే ప్రసక్తే లేదు.

ఈ ఫైళ్లను చివర్లో కూర్చుని రాద్దామనుకోవద్దు. పైన వేసిన కేబుల్ లెక్క, తూకం రాయి ఫొటోలు, దూదికి చిక్కిన పోగుల లెక్క, పచ్చసొన మిగిలిన పుల్లీ ఫొటో, ఇవే రేపు అధికారులు అడిగే ఆధారాలు. ప్రతిదాని మీదా ఆ రోజే తేదీ, నమూనా నంబరు, పరీక్ష చేసినవారి సంతకం ఉండాలి.